ఖండాలు ఎలా తయారయ్యాయి? హైదరాబాద్ బండల దగ్గర తరచుగా అడిగే ప్రశ్నలు

నేను చదువుకున్నది భూగర్భశాస్త్రం. సెలవు రోజుల్లో తెలిసినవాళ్లను, వాళ్ల పిల్లల్ని వెంటేసుకుని హైదరాబాద్ చుట్టుపక్కల బండల మీద తిరగడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. వెళ్లిన ప్రతిసారీ దాదాపు ఇవే ప్రశ్నలు వస్తాయి. ఎండలో నిలబడి చెప్పిందే చెప్పేకంటే ఒకచోట రాసిపెడితే నయమనిపించింది. పండితులు ఇంకా వాదించుకుంటున్న చోట ఆ సంగతి అక్కడే చెప్పాను.

ఖండం అంటే నీళ్ల పైకి కనిపించే నేలే కదా, దానికి ఇంత కథ ఎందుకు?

నీళ్లను బట్టి లెక్క వేస్తే తప్పుతుంది. బంగాళాఖాతం ఒడ్డున నిలబడితే ఖండం అక్కడితో అయిపోయినట్టు కనిపిస్తుంది గానీ, నీళ్ల కింద ఇంకొంత దూరం అదే రాయి కొనసాగుతుంది. న్యూజిలాండ్ చుట్టూ జీలాండియా అని ఒక పెద్ద భూభాగం ఉంది. అందులో దాదాపు 94 శాతం సముద్రంలో మునిగే ఉంది. అయినా దాన్ని ఖండం అనే అంటున్నారు, ఎందుకంటే అక్కడి రాయి ఖండపు రాయి.

అసలు తేడా రాయిలోనే ఉంది. నడి సముద్రం అడుగున ఉండేది బసాల్ట్. నల్లగా, బరువుగా ఉంటుంది, మందం 6 నుంచి 7 కిలోమీటర్లు. దానికి ఆయుష్షు తక్కువ. ఇప్పుడున్న మహాసముద్రాల అడుగున 18 కోట్ల ఏళ్లు దాటిన నేల దాదాపుగా దొరకదు. ఖండాల కింద పటలం, అంటే భూమి పైపెంకు, మందం సగటున 35 నుంచి 40 కిలోమీటర్లు, టిబెట్ కింద అయితే 70 కిలోమీటర్ల దాకా ఉంటుంది. అది తేలిక రాయి. దాని వయసు చెబితే మొదట ఎవరూ నమ్మరు: కెనడాలోని అకాస్టా నైస్ అనే రాయికి 403 కోట్ల ఏళ్లు. భూమి పైభాగంలో దాదాపు 40 శాతం ఇలాంటి ఖండపు రాయే పరుచుకుని ఉంది.

సముద్రపు నేల లోతుగా, ఖండాలు ఎత్తుగా ఎందుకు ఉన్నాయి?

చెరువులో ఒక పల్చటి చెక్క, ఒక లావుపాటి దుంగ వేసి చూడండి. లావుపాటిది నీళ్లలోకీ ఎక్కువ దిగుతుంది, పైకీ ఎక్కువ తేలుతుంది. ఖండాలు కూడా కింద ఉన్న బరువైన రాతిపొర మీద అలాగే తేలుతున్నాయి. ఆ పొరను బడి పుస్తకాల్లో ప్రావారం అంటారు, ఇంగ్లీషులో మాంటిల్. దాని సాంద్రత నీటికి 3.3 రెట్లు, ఖండాల పై భాగానిది 2.7 రెట్లు.

ఈ సంగతి బయటపడింది మన దేశంలోనే. 19వ శతాబ్దంలో బ్రిటిష్ సర్వేవాళ్లు దేశమంతా కొలుస్తున్నప్పుడు మధ్య భారతంలోని కళ్యాణ్‌పూర్‌కీ, ఉత్తరాన ఉన్న కళియానాకీ మధ్య దూరం రెండు పద్ధతుల్లో రెండు రకాలుగా వచ్చింది. తేడా కోణంలో 5 సెకన్ల చిల్లర; ఇక్కడ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు. హిమాలయాలు కొలతల్లో నిలువు చూసే తూకపు గుండును తమవైపు లాగుతున్నాయేమోనని కలకత్తాలో ఉన్న క్రైస్తవ మతాధికారి జాన్ ప్రాట్ లెక్క వేశాడు. ఆయన లెక్క ప్రకారం తేడా 15 సెకన్ల పైన రావాలి. అంటే కొండలు ఉండాల్సినంత గట్టిగా గుండును లాగడం లేదు. 1855లో బ్రిటిష్ ఖగోళ శాస్త్రవేత్త జార్జ్ ఎయిరీ దీనికి కారణం చెప్పాడు: కొండల కింద తేలిక రాయి వేళ్లలా లోపలికి దిగి ఉంది, అందుకే మొత్తం మీద బరువు తగ్గింది. గణితం తెలిసిన మతగురువు ఒకరు గుండు తాడు పట్టుకుని భూమి లోపలికి చూశారన్నమాట. నాకు ఈ కథ ఎన్నిసార్లు చెప్పినా విసుగు రాదు.

తర్వాత 1970లలో హైదరాబాద్‌లోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ నెల్లూరు జిల్లా కావలి నుంచి పడమటి తీరంలో ఉడుపి దాకా, సుమారు 600 కిలోమీటర్ల మేర పేలుళ్లు జరిపి, వాటి ప్రకంపనలు లోపలి పొరల మీద తగిలి తిరిగి రావడాన్ని బట్టి పటలం లోతు కొలిచింది. దక్షిణ భారతం అడుగు ఎక్కడుందో ఒక కొస నుంచి ఇంకో కొసకి తెలిసింది అప్పుడే.

మన కింద అంతా మరుగుతున్న లావానే కదా?

కాదు. దాదాపు ప్రతి బడి పుస్తకం బొమ్మలో ప్రావారానికి ఎర్ర రంగు వేయడం వల్ల వచ్చిన చిక్కు ఇది. ప్రావారం గట్టి రాయి. వేల డిగ్రీల వేడిలో ఉన్నా, పైనున్న బరువు అణిచిపెట్టడం వల్ల కరగదు. అయితే లక్షల ఏళ్ల లెక్కన మైనంలా మెల్లగా కదులుతుంది. గట్టిగా ఉంటూనే పారుతుంది.

అది కరగాలంటే మూడు దారులున్నాయి. ఒకటి, వేడి ఇంకా పెంచడం. రెండు, పైనున్న ఒత్తిడి తీసేయడం. భూమి గట్టి పైపొర ముక్కలై మెల్లగా కదులుతుంది, ఆ ముక్కలే పలకలు. సముద్రం నడుమ పలకలు విడిపోయే చోట జరిగేది ఇదే: కిందిరాయి పైకి లేస్తూ ఒత్తిడి తగ్గి కొంత కరుగుతుంది, ఆ మాగ్మా గడ్డకట్టి సముద్రపు నేల అవుతుంది. మూడోది నీళ్లు కలపడం. ఖండాల కథంతా ఈ మూడోదాని చుట్టే తిరుగుతుంది.

నీళ్లు పోస్తే రాయి చల్లారాలి గానీ, కరగడం ఏమిటి?

ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడగకుండా నడక పూర్తి కాదు. ఐస్ ముక్కల మీద ఉప్పు చల్లితే ఏమవుతుందో గుర్తు చేసుకోండి. వేడి పెట్టకుండానే కరుగుతుంది, ఎందుకంటే ఉప్పు కలిసిన మంచు కరగడానికి అంత వేడి అక్కర్లేదు. రాయికి నీళ్లు అలాంటివి. రాతిలోని అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి. నీళ్లు మధ్యలో దూరి ఆ పట్టు సడలిస్తాయి. దాంతో కరిగే ఉష్ణోగ్రత కొన్ని వందల డిగ్రీలు పడిపోతుంది.

వంద కిలోమీటర్ల లోతుకు నీళ్లు ఎలా చేరతాయంటే, మోసుకెళ్లేది సముద్రపు పలకే. కోట్ల ఏళ్లు నీళ్లలో నానిన బసాల్ట్‌లో కొన్ని ఖనిజాలు నీటిని తమ నిర్మాణంలోనే దాచుకుంటాయి. చల్లబడి బరువెక్కిన ఆ పలక ఒక అంచున పక్క పలక కిందికి దూరుతుంది. దీన్నే సబ్‌డక్షన్ అంటారు. లోతుకు పోయేకొద్దీ వేడికి, ఒత్తిడికి ఆ ఖనిజాలు విరిగి నీళ్లు వదిలేస్తాయి. నీళ్లు పైనున్న ప్రావారంలోకి చేరతాయి, ప్రావారం కొద్దిగా కరుగుతుంది, ఆ మాగ్మా పైకి వస్తుంది. పసిఫిక్ చుట్టూ అగ్నిపర్వతాలు దండలా ఉండటానికి కారణం ఇదే. మన దేశంలో ఉన్న ఒకే ఒక్క సజీవ అగ్నిపర్వతం, అండమాన్‌లోని బారెన్ దీవి, ఇలా పుట్టిందే. అది పేలినట్టు మొదట రాసిపెట్టింది 1787లో. తర్వాత 150 ఏళ్లకు పైగా నిద్రపోయి 1991లో మళ్లీ లేచింది.

అయితే వచ్చేది బసాల్టేగా? గ్రానైట్ ఎక్కడి నుంచి వచ్చింది?

మొత్తం కథలో కీలకమైన ప్రశ్న ఇదే.

సిలికా అంటే ఇసుకలో ఉండే ముఖ్య పదార్థం, దాని శాతం చూస్తూ మెట్లు ఎక్కుదాం. ప్రావారంలో సిలికా దాదాపు 45 శాతం. అది కొంచెం కరిగితే వచ్చే బసాల్ట్‌లో 50. ఖండాల సగటు 60. మన హైదరాబాద్ గ్రానైట్ లాంటి రాళ్లలో 70 శాతం పైన. ఒక్కసారి కాచినంత మాత్రాన 45 నుంచి 70కి రాలేం. పాలు కాచి మీగడ తీసి, మీగడ చిలికి వెన్న తీసి, వెన్న కాచి నెయ్యి తీసినట్టు, రాయిని కూడా మళ్లీ మళ్లీ కాయాలి. ఒక్కో కాపుకీ తేలికది పైకి, బరువైనది కిందికి.

ఈ వేరుపడటం రెండు రకాలుగా జరుగుతుంది. మొదటిది చల్లారేటప్పుడు. చక్కెర పాకం చల్లారుతుంటే పటికబెల్లం పలుకులు ఎలా కడతాయో, మాగ్మాలోనూ స్ఫటికాలు అలా కడతాయి. కాకపోతే అన్నీ ఒకేసారి కట్టవు. ముందుగా ఆలివిన్, పైరాక్సీన్ అనే బరువైన ఖనిజాలు కట్టి అడుగుకు దిగుతాయి. వాటిలో ఇనుము, మెగ్నీషియం ఎక్కువ, సిలికా తక్కువ. అవి వెళ్లిపోతే మిగిలిన ద్రవంలో సిలికా వాటా పెరుగుతుంది. ఈ వరసను ప్రయోగశాలలో రాళ్లు కరిగించి నిరూపించినవాడు నార్మన్ బోవెన్, 20వ శతాబ్దం తొలి సగంలో.

రెండోది, కొత్తగా వచ్చిన వేడి మాగ్మా పాత పటలం అడుగున ఆగి, అక్కడున్న రాతిని కొంత కరిగించడం. తడి గ్రానైట్ 650, 700 డిగ్రీల దగ్గరే కరగడం మొదలుపెడుతుంది. పైకి వచ్చే బసాల్ట్ మాగ్మా 1200 డిగ్రీల దాకా ఉంటుంది. కాబట్టి కింద పొయ్యి వెలిగినట్టే. ఆండీస్ పర్వతాల కింద ఈ రెండూ కలిసి జరుగుతున్నాయి. అక్కడ దొరికే 60 శాతం సిలికా రాయికి ఆండీసైట్ అని ఆ కొండల పేరే పెట్టారు. ఖండాల సగటు రాయి అచ్చం దాని కూర్పుతో సరిపోవడం కాకతాళీయం కాదు.

నీళ్లు లేకపోతే ఈ గొలుసు మొదటి లంకె దగ్గరే తెగిపోతుంది. సముద్రం లేకపోతే ఇంత గ్రానైట్ లేదు, ఖండాలూ లేవు. సముద్రం, ఖండం ఒకదానికొకటి వ్యతిరేకం అనుకుంటాం గానీ, ఒకటి ఇంకోదానికి తల్లి.

వెన్న తీశాక మజ్జిగ మిగలాలి కదా, మరి ఆ మిగిలిన బరువు రాయి ఏమైంది?

ఈ ప్రశ్న ఒకసారి పదో తరగతి అమ్మాయి అడిగింది. అడిగినందుకు ఆ రోజు చాయ్ నేనే ఇప్పించాను.

లెక్క ప్రకారం ప్రావారం నుంచి వచ్చేది బసాల్ట్. దాన్ని ఎన్నిసార్లు విడదీసినా తేలికదీ బరువైనదీ కలిపితే సగటు బసాల్టే రావాలి. కానీ ఖండాల సగటు ఆండీసైట్. అంటే బరువైన భాగం ఎక్కడికో పోయింది. ఎక్కువమంది ఒప్పుకునే జవాబు ఇది: పటలం బాగా మందమైనప్పుడు అడుగున మిగిలిన గసి ఒత్తిడికి గార్నెట్ అనే బరువైన ఖనిజం నిండిన ఎక్లోజైట్ అనే రాయిగా మారుతుంది. దాని సాంద్రత ప్రావారం కంటే ఎక్కువ. దాంతో అడుగు భాగం ఊడి ప్రావారంలోకి జారిపోతుంది. ఆండీస్‌లో కొన్ని పీఠభూములు పైకి లేవడానికి ఇదీ ఒక కారణమంటారు, అడుగు బరువు తెగితే పడవ పైకి తేలినట్టు.

సముద్రంలో పుట్టిన దీవులు ఖండంలో ఎలా కలుస్తాయి?

దూరే పలక మీద ఉన్న సముద్రం అయిపోయేసరికి దాని వెనక వచ్చే దీవుల వరస ఒడ్డుకు గుద్దుకుంటుంది. అది తేలిక రాయి కాబట్టి కిందికి దిగదు, అంటుకుపోతుంది. జపాన్‌లో ఇజు ద్వీపకల్పం ఇప్పుడు హోన్షూ దీవికి గుద్దుకుంటూనే ఉంది. పాకిస్తాన్ ఉత్తరాన ఉన్న కోహిస్తాన్ ఒకప్పటి దీవుల వరస. రెండు ఖండాల మధ్య నలిగి పక్కకి ఒరిగిపోయింది. అందువల్ల అక్కడ కారాకోరం రోడ్డు వెంట ప్రయాణిస్తే దాని అడుగు నుంచి పై దాకా పొరలన్నీ వరసగా కనిపిస్తాయి. మామూలుగా 30 కిలోమీటర్లు తవ్వితే గానీ కనపడనిది అక్కడ రోడ్డు పక్కనే ఉంది.

దీని తూర్పు కొనసాగింపు లద్దాఖ్. లేహ్ పక్కనున్న కొండలు, బైకుల మీద మనవాళ్లు ఎక్కి ఫొటోలు దిగే ఖర్దుంగ్ లా, ఇవన్నీ ఒకప్పుడు భారత్, ఆసియా మధ్య ఉన్న టెథిస్ సముద్రపు పలక ఆసియా కిందికి దూరినప్పుడు గడ్డకట్టిన గ్రానైట్ జాతి రాయి. ఆక్సిజన్ చాలక తల తిరుగుతున్నా ఒక్క నిమిషం రోడ్డు కోత దగ్గర ఆగి చూడండి.

మరి హిమాలయాల్లో కొత్త ఖండం పుడుతోందా?

పుట్టడం లేదు, మడతలు పడుతోంది. సుమారు 5 కోట్ల ఏళ్ల కిందట భారత్, ఆసియా గుద్దుకున్నాక మధ్యలో సముద్రపు పలక మిగల్లేదు, కిందికి నీళ్లు మోసేదీ లేదు. ఉన్న రాయే ఒకదాని మీద ఒకటి ఎక్కి రెండింతల మందమైంది. గంగోత్రి పైనున్న శివలింగ్, భాగీరథి శిఖరాల్లో తెల్లటి గ్రానైట్ ఉంది. దాని వయసు 2 కోట్ల ఏళ్ల పైచిలుకు. అది కొత్త సరుకు కాదు. లోతుకు దిగిన పాత మట్టిరాయి కరిగి మళ్లీ గట్టిపడింది. కొత్త పటలం తయారవడం, పాతది మళ్లీ కాగడం వేరువేరు పనులు. వార్తల్లో ఈ రెండింటినీ కలిపేస్తుంటారు.

మన హైదరాబాద్ బండలు ఈ కథలో ఎక్కడ?

చివరి కాపులో.

దక్షిణ భారతం నడుమ ధార్వాడ్ క్రేటన్ అని ఒక పాత గట్టి నేల ఉంది. కర్ణాటకలో చాలా భాగం, తెలంగాణ, రాయలసీమలో పెద్ద భాగం దాని మీదే ఉన్నాయి. దీని పడమటి సగం ముందు తయారైంది. అక్కడ 300 కోట్ల ఏళ్లు, అంతకంటే పాతవైన చారల రాళ్లు ఉన్నాయి. బెంగళూరు లాల్‌బాగ్‌లో జనం ఎక్కి కూర్చునే బండ ఆ జాతిదే. ఆ రాళ్లు బూడిద రంగులో, సోడియం ఎక్కువగా ఉంటాయి. నీళ్లు తాగిన బసాల్ట్ బాగా లోతున కరిగితే వచ్చే రాయి అలా ఉంటుంది. ప్రపంచమంతటా ఆ కాలపు ఖండాల తొలి ముక్కలు ఎక్కువగా ఇలాంటివే.

తూర్పు సగం, అంటే మనది, ఎక్కువగా 270 నుంచి 250 కోట్ల ఏళ్ల మధ్య పూర్తయింది. మధ్యలో కోలార్, హుట్టి, రామగిరి లాంటి సన్నటి పచ్చరాతి పట్టీలు మిగిలాయి. అవి ఒకప్పటి సముద్రపు లావాలు, వాటిలోనే బంగారం దొరికింది. వాటి చుట్టూ మిగతాదంతా గ్రానైట్, గ్రానైట్ లాంటి రాళ్లు. 250 కోట్ల ఏళ్ల ప్రాంతంలో ప్రావారం నుంచి వేడి మాగ్మా పెద్ద ఎత్తున వచ్చి పాత బూడిద రాతిని అడుగు నుంచి కరిగించింది. సోడియం రాయి మళ్లీ కరిగితే వచ్చే ద్రవంలో పొటాషియం వాటా పెరుగుతుంది. పొటాషియం ఎక్కువైతే గులాబీ రంగు ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం కడుతుంది. మౌలాలి, గోల్కొండ, ఖాజాగూడ బండల్లో కనిపించే ఆ గులాబీ ఛాయ వెనకున్న సంగతి ఇది. కర్ణాటకలో రామనగర మీదుగా ఉత్తర దక్షిణాలుగా వందల కిలోమీటర్లు సాగే క్లోజ్‌పేట గ్రానైట్ కూడా ఈ కాలానిదే.

ఆ వేడి ఎందుకు వచ్చిందన్న దగ్గర రెండు వర్గాలున్నాయి. పలక కిందికి దూరడం వల్లేనని కొందరు, ప్రావారం లోతు నుంచి వేడి స్తంభంలా లేవడం వల్లనని మరికొందరు. రాళ్ల కూర్పులో నీళ్ల జాడ చూస్తే నాకు మొదటి వైపే మొగ్గు. అయితే రెండో వర్గంవాళ్లు చూపించే సాక్ష్యాన్ని తీసిపారేయలేను: ఇంత వెడల్పున, దాదాపు ఒకే కాలంలో కరగడం ఒక్క పలక అంచుతో అయ్యే పనేనా?

మళ్లీ కాగిన తర్వాత ఈ నేల స్థిరపడింది. అందుకే 237 కోట్ల ఏళ్ల కిందట లోపలి నుంచి వచ్చిన నల్లటి డోలరైట్ మాగ్మా దాన్ని కరిగించలేకపోయింది, బీటల్లోకి దూరి గోడల్లా గడ్డకట్టింది. బెంగళూరు వైపు నుంచి కరీంనగర్ దాకా ఆ గోడలు వందల సంఖ్యలో కనిపిస్తాయి. నేల గట్టిపడిందని చెప్పడానికి అంతకంటే మంచి సాక్ష్యం లేదు. గాజు పగులుతుంది గానీ పాకం పగలదు కదా.

ఆ గుండ్లను ఒకదాని మీద ఒకటి ఎవరు పెట్టారు?

ఎవరూ పెట్టలేదు, అవి ఉన్నచోటే ఉన్నాయి. గ్రానైట్ నిలువుగా, అడ్డంగా బీటలు వారింది. బీటల్లోంచి నీళ్లు దిగి మూలలను ముందు కుళ్లబెట్టాయి, మనం మొరం అనేది అలా కుళ్లిన రాయినే. వానలకు మొరం కొట్టుకుపోతే గుండ్రటి నడుములు మిగిలాయి.

దక్కన్ లావా వల్ల కాదా ఈ బండలు?

కాదు. వికారాబాద్, జహీరాబాద్, ఆదిలాబాద్ వైపు కనిపించే నల్ల బసాల్ట్ దక్కన్ లావా. అది సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్లది, గ్రానైట్‌తో పోలిస్తే నిన్న మొన్నటిది. గ్రానైట్ నేల మీద పరిచిన దుప్పటి అనుకోండి. నల్లరేగడి చాలావరకు ఆ దుప్పటి చిరిగి వచ్చిందే. రాజమండ్రి దగ్గర కూడా అదే కాలపు బసాల్ట్ ముక్క ఉంది.

వజ్రాలు కూడా ఈ గ్రానైట్‌లోంచేనా? గోల్కొండ వజ్రాలు అంటారుగా?

గోల్కొండ బజారు మాత్రమే. వజ్రాలు దొరికింది కృష్ణా తీరపు గులకల్లో, రాయలసీమ నేలల్లో. వాటి పుట్టుక గ్రానైట్‌కి చాలా కింద, 150 కిలోమీటర్ల పైన లోతులో. వజ్రకరూర్ దగ్గర సుమారు 110 కోట్ల ఏళ్ల కిందట కింబర్లైట్ అనే మాగ్మా వాటిని పైకి మోసుకొచ్చింది. అయితే ఖండానికీ వజ్రానికీ సంబంధం ఉంది: అంత లోతు దాకా చల్లగా, మందంగా ఉండే నేల పాత ఖండాల కిందే ఉంటుంది. తొలకరి పడగానే వజ్రకరూర్, జొన్నగిరి పొలాల్లో వంగి వెతికేవాళ్లు ఆ పాత ఖండం పుణ్యాన వెతుకుతున్నారు.

విశాఖ కొండలు కూడా ఇలాంటివేనా?

వేరే కథ. తూర్పు కనుమల్లో ఉండేది ఖోండలైట్, చార్నకైట్. ఖోండలైట్ ఒకప్పటి సముద్రపు మట్టి. 100 కోట్ల ఏళ్ల కిందట ఖండాలు గుద్దుకున్నప్పుడు లోతుకు పోయి వేడికి మారిన రాయి. ఆ తాకిడిలో విశాఖకు అటువైపు ఉన్న నేల ఇప్పుడు అంటార్కిటికాలో ఉంది. ఖోండ్ గిరిజనుల పేరు మీద ఖోండలైట్ వచ్చింది. చార్నకైట్ పేరు మాత్రం ఒక సమాధి మీద నుంచి వచ్చింది. కలకత్తాలో ఈస్టిండియా కంపెనీ అధికారి జాబ్ చార్నక్ సమాధి రాయిని చూసి థామస్ హాలండ్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఆ పేరు పెట్టాడు.

ఈ కోట్ల ఏళ్ల లెక్కలు ఎవరు చూసొచ్చారు?

జిర్కాన్ చూసొచ్చింది. గ్రానైట్‌లో ఇసుక రేణువంత ఉండే ఖనిజం అది. గట్టిపడేటప్పుడు యురేనియంను తనలోకి రానిస్తుంది, సీసాన్ని రానివ్వదు. కాబట్టి తర్వాత దానిలో దొరికే సీసం దాదాపు అంతా యురేనియం క్షీణించి తయారైందే. ఒక రకం యురేనియం సగానికి తగ్గడానికి సుమారు 447 కోట్ల ఏళ్లు, ఇంకో రకానికి 70 కోట్ల ఏళ్లు పడుతుంది. ఒకే రేణువులో రెండు గడియారాలు ఉండటం వల్ల ఒకటి తప్పు చెబితే ఇంకోటి పట్టిస్తుంది.

ఆస్ట్రేలియాలో జాక్ హిల్స్ అనే చోట 440 కోట్ల ఏళ్ల జిర్కాన్ దొరికింది. అది పుట్టిన రాయి ఎప్పుడో అరిగిపోయింది, రేణువు మాత్రం మిగిలింది.

అన్ని కోట్ల ఏళ్ల కిందట కూడా పలకలు కదిలేవా?

ఇది ఇంకా తెగని పంచాయితీ. పలకల కదలిక 300 కోట్ల ఏళ్ల కిందటికే మొదలైందని చాలామంది అంటారు. ఇంకా ముందే అనేవాళ్లున్నారు, 100 కోట్ల ఏళ్ల కిందట మాత్రమే మొదలైందనేవాళ్లూ ఉన్నారు. అప్పట్లో ప్రావారం ఇప్పటికంటే 100 నుంచి 250 డిగ్రీలు ఎక్కువ వేడిగా ఉండేది. అంత వేడిలో పలకలు ఇప్పటిలా గట్టిగా, ముక్కలు కాకుండా కిందికి దిగి ఉండేవా అన్నది అసలు సందేహం.

ఖండాలు ఇప్పటికీ పెరుగుతున్నాయా?

ఒక చేత్తో వస్తోంది, ఇంకో చేత్తో పోతోంది. సబ్‌డక్షన్ అంచుల్లో ఏడాదికి సుమారు 3 ఘన కిలోమీటర్ల కొత్త రాయి చేరుతోందని అంచనా. దాదాపు అంతే పరిమాణం దూరే పలక గీకడం వల్లనో, నదులు సముద్రంలో పోసిన మట్టితో పాటో ప్రావారంలోకి తిరిగి వెళ్లిపోతోంది. గోదావరి ఎర్రటి వరదనీళ్లు చూసినప్పుడు నాకు ఈ జమాఖర్చే గుర్తొస్తుంది.

ఇప్పుడున్న పరిమాణంలో మూడింట రెండు వంతుల దాకా 300 కోట్ల ఏళ్ల నాటికే తయారైందని ఇటీవలి అంచనాలు కొన్ని చెబుతున్నాయి. రిచర్డ్ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే శాస్త్రవేత్త అయితే మొదట్లోనే అంతా తయారైంది, ఆ తర్వాత జమ, ఖర్చు సమానమని వాదించాడు. ఆయన్ని చాలాకాలం ఎవరూ ఒప్పుకోలేదు గానీ ఆ వాదన ఇప్పటికీ చావలేదు.

చంద్రుడి మీద, అంగారకుడి మీద ఖండాలు లేవా?

అంగారకుడి మీద ఎక్కువగా బసాల్టే. చంద్రుడి తెల్ల ఎత్తు నేలలు అనార్థొసైట్ అనే రాయి. 2023లో చంద్రయాన్ 3 రోవర్ ప్రజ్ఞాన్ దక్షిణ ధ్రువం వైపు మట్టి పరీక్షించినప్పుడు కూడా ఆ కూర్పే కనిపించింది. చంద్రుడు మొదట్లో కరిగిన ముద్దగా ఉన్నప్పుడు పైకి తేలిన మీగడ అది. ఒక్కసారి కాచి వదిలేసిన పాలు. రెండో కాపుకి అక్కడ సముద్రమూ లేదు, కిందికి దూరే పలకా లేదు.

వంటగట్టు మీద నల్ల గ్రానైట్ వేయించాం, అదీ ఇదేనా?

నల్లది అయితే చాలావరకు గ్రానైట్ కాదు. వ్యాపారంలో మెరుగు పట్టే ప్రతి గట్టిరాయికీ గ్రానైట్ అనే పేరు. ప్రకాశం జిల్లా చీమకుర్తి నుంచి వచ్చే బ్లాక్ గెలాక్సీ నిజానికి గాబ్రో జాతి రాయి. అంటే బసాల్ట్ మాగ్మా లోతులోనే మెల్లగా గడ్డకట్టింది. దానిలో చుక్కల్లా మెరిసేవి పైరాక్సీన్ స్ఫటికాలు. ముందుగా కట్టి అడుగుకు దిగే ఖనిజాల గురించి పైన చెప్పాను కదా, వాటిలో ఒకటి. కరీంనగర్ వైపు నుంచి వచ్చే టాన్ బ్రౌన్ మాత్రం గ్రానైటే.

ఇవన్నీ సొంతంగా చూడాలంటే ఎక్కడికి వెళ్లాలి?

నగరంలో అయితే గోల్కొండ కోట మెట్లు చాలు. గోడలు కాదు, మెట్ల పక్కనున్న సహజమైన బండ చూడండి. ఒక చిన్న భూతద్దం పట్టుకెళ్లండి. గులాబీ పలుకు పొటాష్ ఫెల్డ్‌స్పార్, పాలరంగుది ప్లేజియోక్లేజ్, గాజుముక్కలా బూడిదగా ఉండేది క్వార్ట్జ్, నల్లగా రేకుల్లా ఊడేది అభ్రకం. పలుకులు కంటికి కనిపించేంత పెద్దగా ఉన్నాయంటే అది లోతులో, తీరుబడిగా చల్లారిందని అర్థం. అక్కడక్కడ గ్రానైట్ లోపల ముదురు రంగు మచ్చలు అరచేతంత కనిపిస్తే వదలకండి. అవి పొయ్యిలా పనిచేసిన వేడి మాగ్మా తాలూకు ముద్దలు కావచ్చు, కరగకుండా మిగిలిన పాత రాయైనా కావచ్చు. ఊరు దాటగలిగితే భువనగిరి కోట గుట్ట ఎక్కండి, ఒకే బండ అంత ఎత్తున ఎలా ఉంటుందో తెలుస్తుంది. ఎండాకాలం అయితే తెల్లారేసరికి ఎక్కేయాలి, తొమ్మిది దాటాక బండ మీద కాలు పెట్టలేరు. సుత్తి మాత్రం తీసుకెళ్లకండి. క్వారీల దగ్గర విరిగిన ముక్కలు కావలసినన్ని ఉంటాయి.